ఎర్రమూత ట్యూబులో కాల్షియం

మా ఆసుపత్రి లేబులో నన్ను చాటుగా "ఠాణా" అనేవారు. నేను మెట్లెక్కే చప్పుడు వినిపిస్తే చాలు, "ఠాణా వస్తన్నాది, బల్ల సర్దండే" అని లోపల గుసగుసలు పోయేవి. నాకు తెలుసు. తెలిసీ తెలియనట్టు ఊరుకునేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఆ పేరంటే నాకు లోలోపల కొంచెం గర్వంగానే ఉండేది. ముప్పై రెండేళ్ళు లేబు టెక్నీషియన్‌గా చేశాను. చివరి పదేళ్ళూ ఆ గదికి పెద్దదిక్కుని నేనే.

మొన్నామధ్య ఒక కాలేజీలో లేబు డిప్లొమా చదివే పిల్లలకి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. శాలువా కప్పారు. "ఈవిడ చేతిలో ఒక్క రిపోర్టు కూడా తప్పలేదు" అని మైకులో చెప్పారు. అంత పొగిడాక, "లేదర్రా, ఒకటి తప్పింది" అనడానికి నాకు నోరు రాలేదు. లడ్డూ తిని, ఫొటోలు దిగి, బస్సెక్కి ఇంటికొచ్చేశాను. ఆ వారమంతా ఆ మైకు మాటే చెవిలో మోగింది. అందుకే అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఆసుపత్రి పేరు రాయను, మనుషుల పేర్లూ రాయను. నా తప్పు మాత్రం ఉన్నదున్నట్టు రాస్తాను.

ముందు రెండు ట్యూబుల సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. సూదితో తీసిన నెత్తుర్ని మేం రెండు ట్యూబుల్లో పోస్తాం. ఒకదాని మూత వంకాయరంగు. దాని లోపల ఒక మందు పూత ఉంటుంది. ఆ మందు పని నెత్తురులో ఉన్న కాల్షియాన్ని పట్టి బంధించడం. కాల్షియం లేకపోతే నెత్తురు గడ్డకట్టదు, అందుకని రక్తకణాలు లెక్కపెట్టడానికి ఆ ట్యూబు వాడతాం. రెండోదాని మూత ఎరుపు. అందులో ఆ మందు ఉండదు. నెత్తురు గడ్డకట్టాక పైన పసుపు నీరులా తేరుతుంది చూడండి, ఆ సీరంతో షుగరు, యూరియా, కాల్షియం లాంటివి చూస్తాం.

చిక్కెక్కడొస్తుందంటే, నరం దొరకని మనిషి దగ్గర నెత్తురు చాలదు. వంకాయమూత నిండుతుంది, ఎర్రమూతలో అడుగున నాలుగు చుక్కలు పడతాయి. బయట లైను పెరిగిపోతూ ఉంటుంది. అప్పుడు కొందరు ఏం చేస్తారంటే, ఇందులోంచి అందులోకి కాస్త వంపేస్తారు. నెత్తురు నెత్తురే కదా, ఎవరికి తెలుస్తుంది అని. మిషనుకి తెలుస్తుంది. వంపిన నెత్తురుతో పాటు ఆ మందూ పోతుంది. కాల్షియం పాతాళానికి పడిపోతుంది. ఆ మందులో పొటాషియం కూడా ఉంటుంది గనక పొటాషియం అటకెక్కి కూర్చుంటుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే వంపారో లేదో తేలిపోతుంది. ఈ ముక్క మీరు నోటుపుస్తకంలో రాసుకోండి. నేను పదిమందికి నేర్పి, కావలసిన రోజున మర్చిపోయింది ఇదే.

మాతో ఒక కాంట్రాక్టు టెక్నీషియన్ ఉండేది. చీపురుపల్లి నుంచి రోజూ పాసింజరు రైల్లో వచ్చేది. ఇద్దరు పిల్లల తల్లి. మాటలు తక్కువ, చెయ్యి మహా తేలిక. పసిపిల్లలకి సూది పెట్టాలంటే డాక్టర్లు కూడా ఆమెనే పిలిచేవారు. చేరిన కొత్తలో, మొదటి నెలలోనే, ఒక రోజు అలా వంపుతూ నా కంటపడింది. ఆ రోజు నేను పెట్టిన చీవాట్లకి పక్క గదిలో ఎక్స్‌రే అబ్బాయి కూడా బయటికొచ్చి చూశాడు. ఆ తరవాత ఆమె మళ్ళీ ఎప్పుడూ ఆ పని చెయ్యలేదు. కానీ నా మనసులో ఆమె మీద ఒక గుర్తు పడిపోయింది. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అన్న రకం మనిషిని మరి.

వరి ఉబాలు జోరుగా పడుతున్న రోజులు. పొలాల్లో నాట్లకి మనుషులు దొరక్క, పల్లెల నుంచి ఆసుపత్రికి జనం తక్కువగా వచ్చే కాలం. ఆవేళ పొద్దున సాలూరు అవతల పల్లె నుంచి ఒక అత్తా కోడలూ వచ్చారు. కోడలికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. సన్నగా, మెడని ఆనుకుని నల్లపూసల దండ, కళ్ళలో భయం. మొగుడు లారీ డ్రైవరు, లోడేసుకుని రాయపూర్ పోయి అప్పటికి వారమైందట. అత్త చంకలో ఏడాదిన్నర గుంటడు.

"దీనికి ఫిట్సులమ్మా" అని కిటికీ దగ్గరే అందరికీ వినపడేలా చెప్పింది అత్త. "సేతులు కొయ్యబారిపోతాయి. ఊళ్ళో ఒకలు గాలంతన్నారు, ఒకలు దిష్టంతన్నారు. నాకు తెల్దు. బిళ్ళలు మింగుతన్నాది. తగ్గడం మాట దేవుడెరుగు, మింగినకాడి నుంచి ఇంకా ఎక్కువైపోనాది."

చంకలో గుంటడు తల్లి వైపు వంగి రెండు చేతులూ చాపాడు. ఆ పిల్ల కూడా చేతులు చాపింది. అత్త గభాలున పక్కకి తిరిగిపోయింది.

"ఒగ్గీ. నీ సేతికియ్యను. మొన్న పొయ్యికాడ పడేసినావు, మర్సిపోనావేటి?"

ఆ పిల్ల చేతులు వెనక్కి తీసుకుని పైటకొంగులో దాచుకుంది. లైనులో ఉన్న ఒకావిడ ఏదో అడిగితే అత్త చెప్పింది: "నెలాకరికి దీన్ని కన్నోరింటికి అంపేస్తాం. మా పెద్దోళ్ళు కూకుని అనీసుకున్నారు. గుంటడు మాకాడే ఉంటాడు. అదేటి సెయ్యగలదు, పిల్లడ్ని పట్టుకోనేని మనిషి?" కోపంగా కూడా అనలేదు ఆ మాట. వాన పడుతుందేమో అన్నంత మామూలుగా అంది.

నేను విన్నాను. అయ్యో అనుకున్నాను కూడా. అనుకుని, నా రిజిస్టర్లో నేను పడిపోయాను. నెత్తురు తీసింది మా చీపురుపల్లి ఆవిడే. కొత్తగా వచ్చిన జనరల్ మెడిసిన్ డాక్టరుగారు ఒక్క కణాల లెక్కే కాకుండా షుగరు, యూరియా, కాల్షియం అన్నీ రాశారు.

పన్నెండు దాటాక కాల్షియం అంకె వచ్చింది. ఐదు పాయింట్ ఒకటి. ఉండవలసింది ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా. ఐదు అంకె చూడగానే నాకు నషాళానికి అంటింది.

"ఏటే, మళ్ళీ వంపినావా?" అన్నాను, కిటికీ తెరిచి ఉందని కూడా చూసుకోకుండా.

ఆమె తెల్లబోయింది. "లేదు మేడమ్. నేను వంపలేదు. ఆ అమ్మాయికి రబ్బరు కట్టినప్పుడు..."

"కథలు సెప్పకు. ఐదు కాల్షియం ఉన్న మనిషి నడిసొచ్చి నీ ముందు కుర్చీలో కూర్చుంటాదేటి? ఎవరికి సెప్తన్నావు?"

"ఒట్టు మేడమ్. పిల్లల మీదొట్టు. ఆ సెయ్యి..."

"పిల్లల్నెందుకు మధ్యలోకి లాగుతావు, సిగ్గులేదా!"

ఆమె కళ్ళనిండా నీళ్ళు. బయట లైనులో ఉన్నవాళ్ళు మెడలు సాచి చూస్తున్నారు. నేను ఆ ట్యూబు తీసి చెత్తడబ్బాలో పడేశాను. పొటాషియం చూడలేదు. మిషను పక్కనే ఉంది, సీరం ఉంది, రెండు నిమిషాల పని. చూసుంటే ఆమె నిజం చెప్పిందని అక్కడికక్కడే తేలిపోయేది. తేలిపోతుందేమోనని కాదు, అసలు చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు. కోపం వచ్చినప్పుడు చదువు ముందు పారిపోతుంది, నాకైతే అంతే.

చీటీ మీద "శాంపిల్ పనికిరాదు, మళ్ళీ పంపండి" అని రాసిచ్చాను. అత్త ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మల్లీ రావాలేటమ్మా? మొదటి బస్సుకొచ్చినాం తల్లీ. సేలో మనుసులున్నారు."

మా టెక్నీషియన్ కళ్ళు తుడుచుకుని, "ఇప్పుడే మళ్ళీ తీసేస్తాను మేడమ్, రెండు నిమిషాలు" అంది.

"పన్నెండు తరవాత శాంపిల్స్ తియ్యం. అది రూలు" అన్నాను. ఆ రూలు పెట్టింది నేనే. రేపు రమ్మన్నాను. వాళ్ళు వెళ్ళిపోయారు. అత్త ముందు, చంకలో గుంటడితో. కోడలు నాలుగడుగులు వెనక.

రేపు రాలేదు. ఎల్లుండీ రాలేదు. ఉబాలు రోజుల్లో పల్లె మనిషికి ఒక రోజు పోవడమంటే ఏమిటో రైతు ఇంట్లో పుట్టిన నాకు తెలియక కాదు. మూడోనాటికి నేను మర్చిపోయాను. మా చీపురుపల్లి ఆవిడ మాత్రం రోజూ పొద్దున లైను మొత్తం ఒకసారి కళ్ళతో వెతికేదట. ఆ సంగతి చాలా రోజుల తరవాత ఎక్స్‌రే అబ్బాయి చెప్పాడు.

పన్నెండో రోజున వచ్చారు. కోడలి నుదుటి మీద కుట్లు, ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

"నూతికాడ నీళ్ళు తోడతా పడిపోనాది" అంది అత్త. ఈసారి గొంతు పెద్దగా లేదు. "సేతులు కొయ్యబారిపోనాయి, సేద ఒగ్గీసినాది, గట్టు రాయి మీద పడినాది. ఇటు పడినాది గనక సరిపోనాదమ్మా. అటు పడుంటే నూతిలోకే."

అప్పటికీ నేను నమ్మలేదు, చూడండి నా మొండితనం. భయమేసింది నిజమే, కానీ ఆ భయం కూడా, "ఈసారి శాంపిల్ సరిగ్గా తియ్యాలి" అన్న వైపే నడిచింది. మా టెక్నీషియన్ చేతిలోంచి ట్రే లాక్కున్నాను. "జరుగు. నేను తీస్తాను. ఎలా తియ్యాలో సూడు" అన్నాను.

జబ్బకి రబ్బరు గొట్టం బిగించి కట్టాను. నరం కోసం తడిమాను, దొరకలేదు. తట్టాను, రుద్దాను. నా చెయ్యి మా టెక్నీషియన్ చెయ్యంత తేలిక కాదు, ఒప్పుకోవాలి. రెండు నిమిషాలు గడిచాయి, ఇంకా ఎక్కువే అయిందేమో. అప్పుడు నా కళ్ళ ముందే ఆ చెయ్యి వంగడం మొదలుపెట్టింది. ముందు బొటనవేలు అరచేతిలోకి పోయింది. మణికట్టు కిందికి వంగింది. నాలుగు వేళ్ళూ నిటారుగా బిగుసుకుని ఒకదానికొకటి చేరిపోయాయి. పిల్లలకి అన్నం కలిపి నోట్లో ముద్ద పెట్టేటప్పుడు వేళ్ళు ఎలా చేరతాయో, అచ్చం అలా.

"సెయ్యి ఒదులుగా ఉంచు తల్లీ" అన్నాను.

"నాను సెయ్యట్లేదమ్మా" అంది ఆ పిల్ల ఏడుపు గొంతుతో. "దానంతటదే అయిపోతన్నాది."

"అదిగో వచ్చీసినాది!" అని అత్త గుంటణ్ణి గుండెకి అదుముకుని రెండడుగులు వెనక్కి వేసింది.

మా టెక్నీషియన్ నా భుజం మీద చెయ్యి వేసింది. అంతకుముందెప్పుడూ నన్ను ముట్టుకున్న మనిషి కాదు. "రబ్బరు ఇప్పండి మేడమ్. ఆవేళ నేను కట్టినప్పుడూ ఇలాగే అయినాది. అదే సెప్పబోయాను."

అదే సెప్పబోయాను. కసిరింది కాదు, దెప్పింది కాదు. రైలు టైము చెప్పినట్టు చెప్పింది. నేను రబ్బరు విప్పాను. కొంతసేపటికి ఆ వేళ్ళు వాటంతటవే వదులయ్యాయి. "నువ్వే తియ్యమ్మా" అని ట్రే ఆవిడకిచ్చేశాను. ఆమె రెండో చేతికి, రబ్బరు కట్టీ కట్టకముందే, సూది పెట్టి తీసేసింది. ఎర్రమూత ట్యూబు ఒక్కటే నింపాం. వంకాయమూత ట్యూబుని దరిదాపులకి రానివ్వలేదు.

కాల్షియం నాలుగు పాయింట్ తొమ్మిది. మళ్ళీ చేశాను, అదే. ఈసారి పొటాషియం పెట్టాను. నాలుగు పాయింట్ రెండు, శుభ్రంగా, ఉండవలసిన చోటే ఉంది. అంటే ఎవరూ ఏదీ వంపలేదు. ఈరోజూ వంపలేదు, ఆరోజూ వంపలేదు. ఐదు కాల్షియంతో మనిషి నడిచొచ్చి కుర్చీలో కూర్చుంది. నేను ఇంటికి పంపేశాను. ఆ నుదుటి మీద కుట్లు వేసింది ఎవరో గానీ, వేయించింది నేను.

రిపోర్టు పట్టుకుని నేనే డాక్టరుగారి గదికి పరిగెత్తాను. మోకాళ్ళ నొప్పుల మనిషిని, లైనులో జనాన్ని తోసుకుంటూ పోయాను. ఆయన నాకంటే పాతికేళ్ళు చిన్న. అంకె చూసి కుర్చీలోంచి లేచిపోయారు.

"రబ్బరు కడితే చెయ్యి వంగిందా? మీరు చూశారా?"

"నేనూ చూశాను. మా లేబు అమ్మాయి పన్నెండు రోజుల కిందటే చూసింది" అన్నాను. ఆ మాట ఆ రోజే చెప్పెయ్యడం ఒక్కటే నేను చేసిన మంచిపని.

ఆయన వచ్చి ఆ పిల్ల ఎదురుగా స్టూలు మీద కూర్చున్నారు. "మెడకి ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా అమ్మా?" అని అడిగారు. ఆ పిల్ల అత్త వైపు చూసింది.

"ఆఁ, కాయ కోయించినాం బాబూ" అంది అత్త. "గుంటడు పుట్టిన ఆర్నెల్లకి. పట్నంలో. అది బాగయిపోనాది కదా?"

ఆయన నల్లపూసల దండ మెల్లగా పైకెత్తారు. దాని కిందే, మెడ ముడతలో కలిసిపోయి, సన్నటి గీత. పూసలు సరిగ్గా దాని మీదే ఉండేవి. నేనూ చూడలేదు, ఫిట్స్ బిళ్ళలు రాసిన వాళ్ళూ చూడలేదు.

"ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదా?"

"ఎవులడిగినారు బాబూ?" అంది అత్త.

ఆపరేషన్ అయ్యాక బిళ్ళలేమైనా ఇచ్చారా అని అడిగితే, "సుద్దబిళ్ళల్లాటివి ఇచ్చినారు. రెండ్నెల్లు మింగినాది. కడుపుబ్బరం అంతంటే నానే మానిపించీసినాను. బలానికే గదా, గంజి తాగితే రాదేటి బలం?" అంది. అంటూ అంటూనే ఆయన మొహం చూసి ఆగిపోయింది. "ఏటి బాబూ? మానకూడదేటి?"

వార్డుకి తీసుకెళ్ళారు. గుండెకి ఈసీజీ తీసి చూశారు. కాల్షియం మందు నరంలోకి మెల్లమెల్లగా, చాలా మెల్లగా ఎక్కించారు. ఆయన మంచం పక్కన నిలబడే ఉన్నారు. నేనూ మా టెక్నీషియనూ గుమ్మం దగ్గర నిలబడ్డాం. కాసేపటికి ఆ పిల్ల మూతి చుట్టూ వేళ్ళతో తడుముకుంది.

"సీమలు ఎల్లిపోనాయి" అంది. "మూతికాడ ఎప్పుడూ సీమలు పాకుతన్నట్టుండేది. సెప్తే నవ్వుతారని సెప్పలేదు."

మా టెక్నీషియన్ గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను. ఠాణా ఏడవడం ఆ ఆసుపత్రి అదే మొదటిసారి చూడటం.

ఆ మధ్యాహ్నం డాక్టరుగారు మా లేబులోకొచ్చి టీ తాగుతూ కూర్చున్నారు. నన్నొక సందేహం తినేస్తోంది. అడిగేశాను. "బాబూ, కండ బిగియాలంటే కండలోకి కాల్షియం రావాలని కదా చదువుకున్నాం. ఈమెకి కాల్షియమే తక్కువైతే చేతులు వాలిపోవాలి గానీ బిగుసుకోవడమేమిటి?"

ఆయన నవ్వారు. నవ్వి, నా ముప్పై రెండేళ్ళ సర్వీసులో ఎవరూ చెప్పని పాఠం చెప్పారు. నాకు అర్థమైనంతలో మీకు చెబుతాను.

మన ఒంట్లో ప్రతి కణమూ కాల్షియాన్ని లోపల ఉండనివ్వదు. బయట నెత్తురులో ఉన్నదానిలో పదివేలో వంతు కూడా లోపల ఉండదు. వచ్చినదాన్ని వచ్చినట్టే పంపులతో బయటికి తోసేస్తుంది, లేదా లోపలే చిన్న సంచుల్లో మూసిపెడుతుంది. ఎందుకంటే కణానికి కాల్షియం ఒక కబురు. అంతా నిశ్శబ్దంగా ఉంటేనే కదా ఒక్క పిలుపు వినిపించేది. వేళకి తలుపు తెరుచుకుంటుంది, కాల్షియం ఒక్క క్షణం లోపలికి ఉరుకుతుంది, ఆ కబురందుకుని కండ బిగుస్తుంది, గుండె కొట్టుకుంటుంది, క్లోమం ఇన్సులిన్ వదులుతుంది. పని కాగానే మళ్ళీ బయటికి తోసేస్తుంది. ఆ తోసే పంపులు చతికిలబడితే కాల్షియం లోపలే ఉండిపోయి కణాన్నే చంపేస్తుంది. పక్షవాతంలో మెదడులో జరిగే నష్టంలో కొంత అదేనట.

"మరి ఈమెకి?" అంది మా టెక్నీషియన్.

"నరాల మీద వేరే తలుపులుంటాయి, సోడియానివి. బయటున్న కాల్షియం వాటి దగ్గర కాపలా" అన్నారాయన. "మీ చీపురుపల్లి రైల్వే గేటు దగ్గర గేటుమేన్ లేడనుకోండి. ఏమవుతుంది?"

"ఎవరికి తోచినట్టు వాళ్ళు దూరిపోతారు."

"అంతే. కాపలా తగ్గితే నరం ఊరికే, ఎవరూ పిలవకుండానే, కండకి కబుర్లు పంపేస్తుంది. కండ దాని సంచుల్లో దాచుకున్న కాల్షియంతో బిగుసుకుపోతుంది. రబ్బరు కట్టి నెత్తురు ఆపితే నరం ఇంకా రెచ్చిపోతుంది."

నెత్తురులో ఆ కాపలా తగ్గకుండా చూసేవి మెడలో థైరాయిడ్ వెనక నాలుగు చిన్న గ్రంథులు. ఒక్కొక్కటీ బియ్యపు గింజకన్నా కొంచెం పెద్దది. వాటి కణాల పైన కాల్షియాన్ని నిమిషనిమిషం తడిమి చూసే పరికరం ఉంటుందట. తగ్గిందని తెలియగానే ఎముకల్లోంచి, మూత్రంలోంచి వెనక్కి రప్పించమని కబురంపుతాయి. థైరాయిడ్ ఉబ్బి కట్టిన ఆ కాయని కోసినప్పుడు, ఎంత జాగ్రత్తపడినా, ఒక్కోసారి అవి కూడా దెబ్బతింటాయి. అందుకే ఆ బిళ్ళలు. ఫిట్స్ బిళ్ళలు మింగాక ఎందుకు ఎక్కువైందో కూడా చెప్పారు. ఆ మందు ఒంట్లో డి విటమిన్‌ని ఖర్చు చేసేస్తుందట, ఉన్న కాస్త కాల్షియమూ పేగుల్లోంచి నెత్తురులోకి చేరదు. రోగం ఒకటైతే మందు రోగానికే సాయం చేసింది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి, లైను నిండుగా ఉన్నప్పుడు, నేను కిటికీ తెరిచాను. మా టెక్నీషియన్ని పక్కన నిలబెట్టుకున్నాను. పన్నెండు రోజుల కిందట ఈమెని ఇక్కడే అందరి ముందూ తిట్టాను, ఈమె తప్పు చెయ్యలేదు, తప్పు నాది అని గట్టిగా చెప్పాను. ఆ లైనులో ఉన్నవాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏటవుతన్నాది?" అని ఒకాయన పక్కవాణ్ణి అడిగాడు.

ఆమె నా చెవి దగ్గర, "మేడమ్, నలభై మంది ఉన్నారు. ముందు శాంపిల్స్ తియ్యనీండి" అంది. మొహం మాత్రం దీపం పెట్టినట్టుంది. ఆ రోజు మధ్యాహ్నం మొదటిసారి తన టిఫిన్ డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చుని తింది. నేను రిటైరయ్యేదాకా అలాగే తిన్నాం. ఇప్పటికీ వారానికొకసారి ఫోన్ చేస్తుంది. నాకు మోకాళ్ళ ఆపరేషన్ అయితే నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చి దగ్గరుండి చేసింది. నేను ఆమెకి నేర్పిందానికన్నా ఆమె నాకు నేర్పిందే ఎక్కువ. దానికి దండం పెట్టడం తప్ప ఇంకేమీ చెయ్యలేను.

లేబులో రెండు రూల్స్ మార్చాను. కాల్షియం మరీ తక్కువొస్తే ముందు పొటాషియం చూడాలి, తరవాత నెత్తురు తీసిన మనిషిని కూర్చోబెట్టి ఏం చూశావని అడగాలి, ఆ మనిషి చెప్పేది చివరిదాకా వినాలి. రెండోది, దూరం నుంచి వచ్చినవాళ్ళకి పన్నెండు గంటల రూలు లేదు. పిల్లలూ, మిషన్లు మీకు మాకన్నా మంచివి వచ్చాయి. నా బోటి నోరు మాత్రం తెచ్చుకోకండి.

ఇంకో మాట మిగిలింది. లైనులో జనానికి చెప్పడం తేలికే. చెప్పవలసినవాళ్ళకి అప్పటికింకా చెప్పలేదు.

ఆరో రోజున ఆ పిల్లని ఇంటికి పంపుతున్నారని తెలిసి వార్డుకి వెళ్ళాను. మంచం మీద మూట కట్టుకుని సిద్ధంగా ఉన్నారు. కాల్షియం బిళ్ళలూ డి విటమిన్ మందూ, ఎప్పుడెప్పుడు మింగాలో నర్సమ్మ బొమ్మలు వేసి ఇచ్చిన కాగితమూ అత్త కొంగున ముడేసుకుంది. ఫిట్స్ బిళ్ళలు మెల్లగా తగ్గిస్తామని డాక్టరుగారు చెప్పారు. చివరి మూడు నాలుగు రోజుల్లో చేతులు ఒక్కసారి కూడా బిగియలేదు. అయినా గుంటడు అత్త చంకలోనే ఉన్నాడు.

నేను నిలబడే చెప్పాను. మొదటి రోజే మీ రోగం ఆ ట్యూబులో కనపడింది, నేను నమ్మక పారేశాను, ఆ రోజే మందు పడుంటే నూతికాడ పడేది కాదు, ఆ కుట్లు నా వల్లే అని. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండునని కూడా అనుకున్నాను.

ఆ పిల్ల నుదురు తడుముకుంది. అత్త నా వైపు చూసింది. కొంగున ముడి ఒకసారి పట్టుకుని చూసుకుంది.

"నువ్వు పన్నెండు రోజులు సేసినావు తల్లీ" అంది. "నాను ఏడాది సేసినాను."

తరవాత కోడలి వైపు తిరిగి విసుక్కుంది. "ఏటలగ సూస్తావు? పట్టుకో ఈడ్ని. నా నడుం ఇరిగిపోతన్నాది."

ఆ పిల్ల వెంటనే అందుకోలేదు. ముందు రెండు చేతులూ ఎదర పెట్టుకుని, వేళ్ళు ఒకసారి ముడిచి, మళ్ళీ చాపి చూసుకుంది. అప్పుడు తీసుకుంది. గుంటడు తల్లి మెడ కావలించుకుని పూసల దండ పట్టుకు లాగుతున్నాడు. అత్త తన రెండు చేతులూ వాడి కింద అలాగే పట్టి ఉంచింది. కాసేపటికి ఒకటి తీసింది. ఇంకాసేపటికి రెండోదీ తీసేసింది.